గున్న కింద మచ్చ

లాండ్రీ వెనక గది,
మధ్యాహ్నం, ఇస్త్రీ ఆపిన వేళ.

బావగారికి మీ మరదలు నమస్కారాలతో రాస్తున్నది. మీరూ అక్కా బాగున్నారని తలుస్తాను. తలుస్తాను అన్నానే గానీ, పోయినసారి అక్క గొంతు బొంగురుగా ఉందని మా అమ్మాయి అన్నప్పట్నుంచీ నాకు ఒకటే దిగులు. వేడినీళ్ళే తాగమనండి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. మీ చెవులకి ఫోన్ దండగ. మీకు వినపడేలా నేను అరిస్తే వీధంతా వింటుంది. ఈ సంగతి ఎవరూ వినకూడదు.

మన గున్న కారుతోంది బావా. అదే, వ్యాను. ఏనుగు పిల్లలా ఊగుతూ నడుస్తుందని మీరే ఆ పేరు పెట్టారు. దాని కింద రోజూ నల్లమచ్చ పడుతోంది. ఇంటి ఓనరు పెరడంతా కొత్తగా టైల్స్ వేయించాడు, అదీ తెల్లవి. నన్నొక్కదాన్నే కుళాయి దగ్గర ఆపి, "నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత నా నేల మీద ఒక్క చుక్క కనపడినా బండి గేటు బయట ఉంటుంది" అన్నాడు. గేటు బయట మా సందులో సైకిలు పెట్టడానికే చోటు లేదు. బండి లేకపోతే లాడ్జీల దుప్పట్లు ఎవరు మోస్తారు? అమ్మాయి కాళ్ళరిగేలా తిరిగి ఇప్పుడిప్పుడే నాలుగు లాడ్జీలు పట్టుకుంది. బండి పోతే లాండ్రీ పోయినట్టే.

ఈయనకి చెప్పలేదు. చెబితే ఓనరు మీదకి వెళ్తారు, అతను గది కూడా ఖాళీ చెయ్యమంటాడు. అమ్మాయికీ చెప్పలేదు, దానికి అసలే పని ఎక్కువ. పైగా పేకాటలో మీరు "ఆ డొక్కు అమ్మి పారెయ్" అన్నారు చూడండి, అప్పట్నుంచీ మీ పేరెత్తితే ఈయన మొహం గోడవైపు తిప్పుకుంటున్నారు. నేను రాసినట్టు ఇద్దరికీ తెలియకూడదు. నా మీద ఒట్టు. జవాబు పక్కింటి టైలరమ్మ పేరు మీద పంపండి. ఆవిడకి కుతూహలం ఎక్కువ, కవరు గట్టిగా అంటించండి.

ఇంకొకటి. ఆ కారేది బ్రేకుల ఆయిల్ అయితేనో? అమ్మాయి రోజూ బండి నడుపుకుంటూ దిగుడు రోడ్డు మీద వెళ్తుంది. ఎవరైనా జారిపడతారని మచ్చ మీద గోనె పరిచాను. ఇప్పుడు గోనె తట్టుకుని పడతారేమోనని పక్కనే కూర్చుని కాపలా కాస్తున్నాను.

మీ మరదలు

వరండా, వాలుకుర్చీ.

మరదలు పిల్లకి ఆశీస్సులు.

ముందు ఆ గోనె తీసెయ్యి. బస్సు డిపోలో జీవితమంతా బళ్ళ కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి, నా చెవులు పోయాయి గానీ బుర్ర ఉంది. భయపడకు అంటే నువ్వు మానవు కాబట్టి, భయపడుతూనే నేను చెప్పింది చెయ్యి.

ఆయిల్ పచ్చి అబద్ధాలకోరు. కారేది ఒకచోట, పడేది ఇంకోచోట. పైన ఎక్కడో ఊరుతుంది, పక్కనుంచి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది, తీరా ఏ పాపం ఎరగని నట్టు చివర వేలాడి కిందపడుతుంది. నువ్వు ఆ నట్టుని పట్టుకుని తిడతావు. కాబట్టి మచ్చని చూసి దొంగని పట్టలేం.

ఒక అట్టపెట్టె విప్పి సాయంత్రం బండి కింద పరుచు. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పల్చగా ఉండి చక్రం పక్కన పడితే బ్రేకులది, అప్పుడు బండి తియ్యనివ్వకు. వాసన చూడు చాలు. నాలిక మీద పెట్టకు. పెడతావని నాకు తెలుసు.

బానెట్ ఎత్తితే ఆయిల్ చూసే గేజి, సన్నటి పుల్ల ఉంటుంది. తుడిచి, ముంచి, తియ్యి. రెండు గీతల మధ్య తడి ఉండాలి. ఎక్కడుందో రాయి. ఈలోగా ఇంజిన్ ఎండిపోకుండా రోజూ పొద్దున ఒక టీ గ్లాసుడు ఆయిల్ పోస్తూ ఉండు.

ఒట్టు సంగతి నాకు వదిలెయ్. నోరు కుట్టేసుకున్నాను. ఒక్క మీ అక్కకి మాత్రం చదివి వినిపించాను, లేకపోతే అన్నం పెట్టనంది. ఈ మధ్య మా పోస్ట్‌మ్యాన్‌కి మా గడప బాగా అలవాటైపోయింది.

నీ బావ

లాండ్రీ వెనక గది.

బావగారికి,

బ్రేకులది కాదు. నల్లగా ఉంది, జిడ్డుగా ఉంది. వాసనే చూశాను. నాలిక మీద పెట్టలేదు. పెట్టినా ఏమీ తెలియలేదు.

కానీ బావా, ఇంకో భయం పట్టుకుంది. సబ్బుపెట్టె అట్ట విప్పి సాయంత్రం నేను పరిచాను కదా. పొద్దున చూస్తే దాని మీద ఇంకో అట్ట ఉంది. నాది కాదు. నాది సబ్బులది, అది బిస్కెట్లది. అట్ట మీద అట్ట తనంతట తాను వచ్చి పడుకోదు కదా. ఎవరో మన బండి కింద దూరుతున్నారు. బండిలో ఏముందని? మాసిన దుప్పట్లు. వాటి కోసం ఎవరొస్తారు? లేకపోతే ఓనరే సాక్ష్యం కోసం పరిచాడేమో.

పై అట్ట మీద చుక్కలు ముందు వైపూ ఉన్నాయి, మధ్యలోనూ ఉన్నాయి. ఈయన చూసి "ఈ అట్టలేమిటి" అన్నారు. పిల్లి ఈనేలా ఉంది, దానికోసం అన్నాను. ఆయన "ఓహో, మంచిపని" అని గబగబా వెళ్ళిపోయారు. పిల్లంటే ఆయనకి పడదు బావా. మంచిపని అన్నారేమిటి?

గేజి చూశాను. తడి పై గీత దాకా ఉంది. మీరు చెప్పినట్టు రోజూ ఈయన బయటకి వెళ్ళాక గ్లాసుడు పోస్తున్నాను. కారుతున్నా నిండుగానే ఉంది, అదొక్కటే ధైర్యం.

అక్క గొంతు సంగతి రాయలేదు. దాస్తున్నారా?

మీ మరదలు

వరండా.

మరదలికి,

అక్క గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడే నన్ను తిడితే నాకు కూడా వినపడింది.

రెండో అట్ట గురించి ఆలోచించకు. గాలికి ఎగిరొచ్చి ఉంటుంది. బిస్కెట్ల అట్టలు తేలిక.

ఇక అసలు పని. ఇంజిన్‌ని బట్టల సోడా నీళ్ళతో శుభ్రంగా కడుగు, వైర్ల మీద పడకుండా. పూర్తిగా ఆరాక మొహానికి రాసుకునే పౌడరు దాని మీద చల్లు, సందుల్లో కూడా. బండి ఓ చుట్టు తిరిగొచ్చాక బానెట్ ఎత్తు. ఎక్కడ పౌడరు తడిసి ముద్దయిందో అక్కడే కారుతున్నట్టు. నాలుగు చోట్ల తడిస్తే అన్నిటికంటే పైన ఉన్నదే అసలుది, మిగతావి దాని నుంచి జారినవి.

పౌడరు ఎక్కువ చల్లకు. పెళ్ళికూతురు కాదది.

బావ

లాండ్రీ వెనక గది,
తలుపు గడియ పెట్టి రాస్తున్నాను.

బావా,

బండి సంగతి తర్వాత. మా ఆయన పౌడరు డబ్బా కొన్నారు.

ఈ వయసులో బావా. ఎప్పుడైనా మొహానికి సబ్బు రాసుకోమంటేనే "ఎవరు చూడాలని" అనే మనిషి. చొక్కా జేబులోంచి డబ్బా మూత కనపడింది. గులాబీ బొమ్మది, వాసన గుప్పుమంటోంది. అడిగితే "చెమట" అన్నారు. అన్నం తిన్నాక నేను కునుకు తీశానేమో అని తొంగిచూసి, పిల్లిలా బయటకి వెళ్తున్నారు. తిరిగొచ్చేసరికి చేతులకి పౌడరు, మోచేతుల దాకా. మొహానికి మాత్రం లేదు. అంటే ఇంకెవరి మొహానికి రాసి వస్తున్నట్టు? టీ కొట్టతని చెల్లెలు ఈమధ్య కొట్లో కూర్చుంటోందట. ఈయన రోజుకి రెండుసార్లు టీకి వెళ్తున్నారు.

అమ్మాయితో చెప్పుకుందామంటే దాని దగ్గరా అదే వాసన. "నీకూ పౌడరెందుకే" అంటే "దుప్పట్లు కమ్మగా ఉండాలని లాడ్జీ వాళ్ళు అడిగారు" అంది. తండ్రి సంగతి దానికి తెలుసు, నా దగ్గర దాచి నన్ను మభ్యపెడుతోంది.

మీరు అడిగారు కాబట్టి బండి సంగతీ రాస్తాను. కడిగాను, ఆరబెట్టాను, పౌడరు చల్లాను. నేను కడగకముందే అక్కడక్కడా తెల్లగా ఉంది, పాతబడితే ఇంజిన్‌కి కూడా బూజు పడుతుందా? అమ్మాయి లాడ్జీ దాకా వెళ్ళొచ్చాక చూస్తే ఒకచోట కాదు, అన్ని అతుకుల్లోనూ తడే. పైన మూత చుట్టూ, ముందు, వెనక, ఆఖరికి ఆ గేజి పుల్ల దూర్చే చోట కూడా. కన్నం వెతుకుతుంటే జల్లెడ దొరికింది. గేజి మీద తడి పై గీత దాటి రెండు వేళ్ళ పైన ఉంది. ఆయిల్ మాత్రం కాస్త నురగగా ఉంది.

నెలాఖరు దగ్గరపడింది. ఓనరు పొద్దున్నే పై కిటికీలో నిలబడి చూస్తున్నాడు. ఒకపక్క బండి పోయేలా ఉంది, ఇంకోపక్క ఆయన. నేనేం చెయ్యను?

మరదలు

వరండా.

మరదలికి,

ఆయిల్ పొయ్యడం ఈ క్షణం ఆపెయ్. ఎందుకని అడక్కు.

నా తోడల్లుడు మేలిమి బంగారం. పౌడరు గురించి అనుమానం పెట్టుకోకు. ఎందుకని అది కూడా అడక్కు.

ఇవాళ నేను రాయాల్సిన ఉత్తరాలు ఇంకా ఉన్నాయి. ఉంటాను.

బావ

లాండ్రీ వెనక గది.

బావగారికి,

ఎప్పుడూ రెండు పేజీలు రాసే మీరు నాలుగు ముక్కలు రాసి పంపారు. ఎందుకని అడక్కు అంటారు. అంటే మీకూ తెలుసు. మగవాళ్ళంతా ఒకటే.

ఆయన్ని నిలదీశాను. "ఆ పౌడరు ఎవరికి" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. "నీకు చెబితే నువ్వు తట్టుకోలేవు" అన్నారు. విన్నారా బావా, ఇంకేం మిగిలింది? అమ్మాయి మధ్యలో వచ్చి "అమ్మా, నాన్న సంగతి వదిలెయ్" అంది. ఆయన దాని చేతులు చూశారు, అది ఆయన చేతులు చూసింది. ఇద్దరూ తలోవైపు వెళ్ళిపోయారు.

నేను బట్టలు సర్దుకున్నాను. అక్క దగ్గరకి వచ్చేస్తాను. పై గదిలో నాకు చాప వేయమనండి. పక్క మీద దుప్పటి వద్దు, దుప్పట్లు చూస్తే ఏడుపొస్తోంది. ఓనరు బండిని ఏ గేటు బయట పెడతాడో పెట్టుకోనివ్వండి, అది తోసుకుంటూ ఆ టీ కొట్టావిడే దుప్పట్లు మోస్తుంది.

మీ జవాబు అందగానే బస్సుకి బయల్దేరతాను. బస్సులో కిటికీ పక్క సీటు ప్రమాదమంటారా?

మీ మరదలు

వరండా,
మీ అక్క పక్కన నిలబడి రాయిస్తోంది.

మరదలా, బస్సెక్కకు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. కళ్ళు పోతే పోతాయి, చెవులు ఎలాగూ పోయాయి.

నువ్వు మొదటి ఉత్తరం రాసిన వారంలోనే మీ ఆయన దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. రెండు పేజీలు పేకాట గురించి నన్ను తిట్టి, మూడో పేజీలో గున్న కారుతోంది, ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. ఓనరు తనొక్కడికే చెప్పాడట. నీకు తెలిస్తే దిగులుతో మంచం పడతావట. జవాబు టీ కొట్టు పేరు మీద పంపమన్నాడు. ఆ రెండుసార్లు టీ దాని కోసమే. ఆ వెనకే అమ్మాయి రాసింది. ఓనరు తనొక్కదానికే చెప్పాడట. "పెదనాన్నా, అమ్మకి తెలిస్తే అన్నం మానేస్తుంది, నాన్నకి తెలిస్తే బండి అమ్మేస్తాడు" అంది. దానికి లాడ్జీ పేరు మీద. నీకు టైలరమ్మ పేరు మీద. ముగ్గురూ నా చేత ఒట్టు వేయించుకున్నారు.

నేనేమో ముగ్గురికీ ఒకే వైద్యం రాశాను. అట్ట పరవండి, పౌడరు చల్లండి, రోజూ గ్లాసుడు ఆయిల్ పొయ్యండి. ఒక గ్లాసు కారితే మూడు గ్లాసులు పోస్తున్నారని నాకు బుర్రకి తట్టలేదు. అమ్మాయేమో గేజి చూడ్డానికి టైం దొరకట్లేదంది. మీ ఆయన "ఫుల్లు" అని ఒక్క మాట రాశాడు. నువ్వు రెండు వేళ్ళు పైకని రాశాకే నాకు చెమట పట్టింది. ఆయిల్ ఎక్కువైతే లోపల తిరిగే క్రాంకు దాన్ని గిలక్కొట్టి నురగ చేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి అతుకు దొరికిన చోటల్లా బయటకి తన్నుతుంది. మీ గున్నకి రోగం కొంచెం, నా మందు ఎక్కువ.

ఇక నుంచి దాపరికం వద్దు. ముగ్గురూ కలిసి కింద నట్టు విప్పి ఆయిల్ దించండి, పై గీత దాకానే ఉంచండి. మళ్ళీ పౌడరు చల్లండి. ఒకే డబ్బా. అప్పుడు అసలు దొంగ బయటపడతాడు.

మీ అక్క రాయమంటున్నది: వాళ్ళిద్దరూ ఓనరుకి భయపడి దాచలేదే, నీ భయానికి భయపడి దాచారు. ఈ మాట నాది కాదు, నన్ను తిట్టకు.

బావ

లాండ్రీ ముందు గది,
ఈసారి తలుపు తీసే రాస్తున్నాను.

బావగారికీ అక్కకీ,

అక్క రాయించిన మాట మూడుసార్లు చదివాను. ఇంట్లో భయపడేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. నన్ను చూసి వాళ్ళూ భయపడుతున్నారని తెలియదు. ఇక తగ్గించుకుంటాను. ఎలాగో తెలియదు, అదొక్కటే భయంగా ఉంది.

ఉత్తరం తీసుకెళ్ళి ఇద్దరి ముందూ పెట్టాను. ఆయన చదివి, "ఆ ముసలాడు నాకు రాసిన ఉత్తరమే నీకూ రాశాడా? నాకు ప్రత్యేకంగా ఆలోచించి రాశానన్నాడే" అన్నారు. అమ్మాయి నవ్వీ నవ్వీ ఇస్త్రీ బల్ల మీద కూలబడింది. టీ కొట్టతని చెల్లెలి సంగతి నేను ఎత్తలేదు. మీరూ ఎత్తకండి. ఒట్టు అనను, మీ ఒట్లు చూశాను.

దుప్పట్లు నానబెట్టే తొట్టె పెట్టి ఆయిల్ దించాం. అమ్మాయి కింద పడుకుంది, ఈయన దీపం పట్టుకున్నారు, నేను అమ్మాయి కాలు పట్టుకున్నాను. ఎందుకో తెలియదు, పట్టుకున్నాను. మళ్ళీ పౌడరు చల్లి నడిపి చూస్తే ఒకే ఒక్కచోట తడిసింది. ఇంజిన్ పైన ఉండే మూత, ట్యాపెట్ కవర్ అంటారట, దాని వెనక మూల ప్యాకింగ్ రబ్బరు బెల్లంముక్కలా గట్టిపడి విరిగింది. అక్కణ్ణుంచి జారి మధ్యలో పడేదన్నమాట. కొత్త ప్యాకింగ్ ఈయనే వేశారు. నాలుగు రోజులు అట్ట మీద చుక్క లేదు. నేను కునుకు కూడా తీశాను.

ఐదో రోజు చుక్క. సరిగ్గా నెలాఖరు ముందు రోజు. గేజి చూస్తే తడి మళ్ళీ పై గీత దాటింది. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆయన అమ్మాయిని అనుమానించారు, అమ్మాయి నన్ను, నేను ఇద్దర్నీ. అందరం నేను కాదంటే నేను కాదన్నాం. మీరేమైనా నాలుగో మనిషికి ఉత్తరం రాశారా అని కూడా అనిపించింది.

మర్నాడు తెల్లవారగానే తీగల మీద ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడ్డాను. వచ్చాడు. మెట్లు దిగి, అటూ ఇటూ చూసి, పొడుగు మూతి డబ్బా తువ్వాలులో చుట్టుకుని, ఓనరు. బానెట్ ఎత్తి తాపీగా పోస్తున్నాడు.

"ఓనరు గారూ, ఏమిటిది?" అన్నాను.

డబ్బా జారి కిందపడింది. తెల్ల టైల్స్ మీద ఇంత మచ్చ.

"మీరు పొయ్యడం మానేశారు కదమ్మా" అన్నాడు.

"ఏం పొయ్యడం?"

"పై కిటికీలోంచి రోజూ చూస్తున్నాగా. ముందు మీ ఆయన ఒక గ్లాసు, తర్వాత మీ అమ్మాయి, ఆయన వెళ్ళాక మీరు. వంతులు వేసుకున్నట్టు పోసేవారు. అంత పోస్తేనే నడిచే బండి అనుకున్నా. ఒక్కసారిగా ముగ్గురూ మానేశారు. దాన్ని వదిలించుకుంటున్నారేమో అని హడలిపోయా."

"వదిలించుకుంటే మీకేం నష్టం? ఎలాగూ పొమ్మంటున్నారు."

"పోవాలంటే అది నడవాలి కదమ్మా. మీకు ముందున్నతను ఇలాగే లారీ పెట్టుకున్నాడు. ఆయిల్ లేక ఇంజిన్ పట్టేసింది. అతను పోయాడు, లారీ ఉండిపోయింది. అందులో కుక్క ఈనింది, చెట్టు మొలిచింది. ముక్కలుగా కోసి బయటకి లాగించేసరికి నా జుట్టు తెల్లబడింది."

బావా, అబద్ధం చెప్పను, నాకు మొదటిసారి భయం వెయ్యలేదు. ఎదుటివాడు నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు మరి. నేను నెమ్మదిగా అన్నాను, "మా చుక్క కనపడితే మా బండిని గేటు బయట పెడతానన్నారు. ఈ చుక్క మీది. మిమ్మల్ని ఎక్కడ పెట్టమంటారు?"

ఓనరు తువ్వాలు వైపు చూశాడు, మచ్చ వైపు చూశాడు, పై కిటికీ వైపు చూశాడు. పైన వాళ్ళావిడ నిలబడి ఉంది. "బండి ఇక్కడే ఉంటుందమ్మా, ఎన్నాళ్ళైనా. కింద రేకు పళ్ళెం కూడా నేనే తెచ్చి పెడతాను. ఈ సంగతి మాత్రం వాళ్ళావిడకి..." అని ఆగి, "మా ఆవిడకి చెప్పకండి" అన్నాడు. కంగారులో ఎవరావిడో కూడా మర్చిపోయాడు పాపం.

సోడా, బ్రష్షు నేనే ఇచ్చాను. మా ఆయన టీకి వెళ్తూ చూస్తే ఓనరు మోకాళ్ళ మీద కూర్చుని నేల తోముతున్నాడు. "ఈయనకేమైంది?" అన్నారు. "నేలంటే ప్రాణం కదా" అన్నాను.

నెలాఖరు దాటింది. గున్న తన చోట తను ఉంది. అట్ట మీద చుక్క లేదు. అదే నాకు పట్టుకుంది బావా. కారినన్నాళ్ళూ లోపల ఆయిల్ ఉందని తెలిసేది. ఇప్పుడు చుక్క కూడా రాలకపోతే ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకని రోజూ పొద్దున్నే నలుగురం బానెట్ చుట్టూ చేరి గేజి చూస్తున్నాం, ఓనరు కూడా. గీత దగ్గరే ఉంటోంది. పొయ్యడం మాత్రం ఎవరూ పొయ్యట్లేదు.

నేను చూస్తుండగా.

మీ మరదలు